స్కాట్లండ్ ఇటుకలు ప్రపంచమంతా ఎందుకు దొరుకుతున్నాయి?

దక్షిణ అట్లాంటిక్ సముద్రంలో, అంటార్కిటికాకు వెళ్లే దారిలో, సౌత్ జార్జియా అనే దీవి ఉంది. అక్కడ చెట్టన్నది మొలవదు. 20వ శతాబ్దపు తొలి సగంలో తిమింగలాల వేట మీద నడిచి, ఆ తరువాత పాడుబడిన స్థావరాలు ఆ దీవి తీరంలో తుప్పు పట్టి నిలిచి ఉన్నాయి. ఆ శిథిలాల మధ్య దొరికే లేత పసుపు రంగు ఇటుకలను తిప్పి చూస్తే, కొన్నింటి మీద మధ్య స్కాట్లండ్‌లోని ఊళ్ల పేర్లో, కంపెనీల పేర్లో పెద్ద అక్షరాలతో అచ్చుపడి కనబడతాయి. అలాంటి ఇటుకలే కాలిఫోర్నియా రేవుల దగ్గర, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ తీర పట్టణాలలో, కరీబియన్ దీవుల పాత చక్కెర మిల్లుల పరిసరాలలో బయటపడుతూ వచ్చాయి. ఇటుక అనేది ఎక్కడికక్కడ దొరికే మట్టితో, ఎక్కడికక్కడ కాల్చుకునే సరుకు. గోడ కట్టడానికి పది మైళ్ల అవతలి నుంచి ఇటుక తెప్పించినా రవాణా ఖర్చు భారమయ్యే రోజుల్లో, ఈ ఇటుకలు సముద్రాలు దాటి ఎందుకు వెళ్లాయన్నది తేలికగా దాటవేయదగిన ప్రశ్న కాదు.

దీనికి సాధారణంగా వినిపించే జవాబు ఒకటుంది. బ్రిటన్ నుంచి బయలుదేరే ఓడలకు తగినంత సరుకు లేనప్పుడు, నీటి మీద ఒరిగిపోకుండా అడుగున బరువు వేసుకునేవారనీ, అలా బ్యాలస్ట్‌గా వేసుకువచ్చిన ఇటుకలను దూరపు రేవులో దింపేసి, అక్కడి సరుకు నింపుకుని తిరిగి వెళ్లేవారనీ చెబుతారు. ఈ జవాబులో నిజం ఉంది కానీ, అది సగం నిజం మాత్రమే. ఇటుకలు ఓడలో తక్కువ కిరాయికి ఎలా ప్రయాణం చేశాయో ఇది చెబుతుంది. అవతలి ఒడ్డున వాటిని డబ్బు పెట్టి ఎందుకు కొన్నారో, అందులోనూ ప్రత్యేకంగా స్కాట్లండ్ ఇటుకనే పేరు పెట్టి ఎందుకు అడిగారో చెప్పదు. ఆ మిగతా సగం తెలియాలంటే ఓడను కాసేపు పక్కన పెట్టి, ఇటుకలోని మట్టి దగ్గర మొదలు పెట్టాలి.

స్కాట్లండ్‌లో తయారైన ఇటుకలన్నీ ఒక్క రకం కావు. మొదటి రకం మామూలు ఎర్ర ఇటుక. దీనిని నది ఒడ్డు బంకమట్టితోనూ, తరువాతి కాలంలో బొగ్గు గనుల నుంచి తవ్వి పారబోసిన షేల్ రాతిని పొడి చేసీ తయారు చేసేవారు. ఇళ్లకు, ఫ్యాక్టరీ గోడలకు వాడిన ఈ ఇటుక చాలా వరకు పుట్టిన జిల్లా దాటి వెళ్లలేదు. రెండో రకం ఫైర్ బ్రిక్. కొలిమి లోపలి గోడకు, బాయిలర్ కింది పొయ్యికి, గాజు కరిగించే బట్టీకి లోపలి పూతలా పేర్చే ఇటుక ఇది. విదేశాలలో దొరుకుతున్న స్కాట్లండ్ ఇటుకలలో అత్యధిక భాగం ఈ రెండో రకానివే. ఈ ఒక్క సంగతి గమనించినా బ్యాలస్ట్ కథలోని లోటు అర్థమవుతుంది. ఓడకు కావలసింది బరువే అయితే చవకైన ఎర్ర ఇటుక ఆ పని చేసేది. రాళ్లో, ఇసుకో ఇంకా చవకగా చేసేవి. ఖరీదైన ఫైర్ బ్రిక్కే అన్ని చోట్లకూ చేరిందంటే, అది బరువు కోసం ఎక్కించినది కాదు, అవసరం కోసం తెప్పించుకున్నది.

మామూలు బంకమట్టిలో ఇనుము, సున్నం, పొటాష్, సోడా కలిసి ఉంటాయి. ఇవి వేడికి మట్టిని తొందరగా కరిగించే పదార్థాలు. అందువల్ల ఎర్ర ఇటుకను ఇనుము కరిగించే వేడిలో పెడితే అది మెత్తబడి, ఆకారం కోల్పోయి, చివరికి గాజులా కారిపోతుంది. ఫైర్ బ్రిక్ తయారు చేసే ఫైర్‌క్లేలో ఈ పదార్థాలు బాగా తక్కువగా, అల్యూమినా బాగా ఎక్కువగా ఉంటుంది. నాణ్యమైన ఫైర్‌క్లే 1600 డిగ్రీల సెల్సియస్ దాటినా నిలబడగలదు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందంటే, 30 కోట్ల ఏళ్లకు పైబడిన కాలం కిందటి అడవుల నుంచి వచ్చింది. నేటి మధ్య స్కాట్లండ్ అప్పట్లో భూమధ్యరేఖకు దగ్గరగా, చిత్తడి అడవులతో నిండి ఉండేది. ఆ చెట్లు కూలి, పూడి, నొక్కుకుపోయి బొగ్గు పొరలయ్యాయి. ఆ చెట్లు వేళ్లూనుకున్న నేల బొగ్గు కింద మరో పొరగా మిగిలింది. తరతరాల చెట్ల వేళ్లు ఆ నేలలోని పొటాష్, సోడా వంటి వాటిని పీల్చుకోవడం వల్ల, ఆమ్లగుణం గల చిత్తడి నీరు ఇనుమును, సున్నాన్ని కడిగేయడం వల్ల, కరిగించే పదార్థాలు పోయి అల్యూమినా, సిలికా మిగిలాయి. బొగ్గు కింద ఫైర్‌క్లే తరచుగా దొరకడానికి కారణం ఇదే. అయితే బొగ్గున్న ప్రతి చోటా ఒకే నాణ్యత ఉండదు. గ్లాస్గోకు తూర్పున కోట్‌బ్రిడ్జ్ పట్టణానికి దగ్గరలో గ్లెన్‌బోయిగ్ అనే పల్లె కింద, ఇంకా తూర్పుగా బానీబ్రిడ్జ్, కాజిల్‌కేరీ ప్రాంతాలలో ఉన్న పొరలు అసాధారణమైన శుద్ధత గలవని తేలింది.

మట్టి గొప్పది అయినంత మాత్రాన పరిశ్రమ పుట్టదు; దాని పక్కనే దాని అవసరం కూడా పుట్టాలి. గ్లాస్గో గ్యాస్ కర్మాగారంలో పనిచేస్తున్న జేమ్స్ బోమాంట్ నీల్సన్ 1828లో ఒక పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఇనుప కొలిమిలోకి ఊదే గాలిని ముందుగా వేడి చేసి ఊదితే ఇంధనం ఎంతో ఆదా అవుతుందని అతను చూపించాడు. క్లైడ్ ఇనుప కర్మాగారంలో ఒక టన్ను ఇనుము తీయడానికి అంతకు ముందు 8 టన్నుల బొగ్గు ఖర్చయ్యేది. కొత్త పద్ధతి కుదురుకున్న కొన్నేళ్లకే అది 3 టన్నుల లోపుకు దిగింది. 1830 ప్రాంతంలో ఏటా 40 వేల టన్నుల వద్ద ఉన్న స్కాట్లండ్ ముడి ఇనుము ఉత్పత్తి, 1870 నాటికి పది లక్షల టన్నులు దాటింది. కోట్‌బ్రిడ్జ్ చుట్టూ కొలుములు వరసకట్టాయి. కొలిమి వేడి పెరిగిన కొద్దీ లోపలి గోడ మీద దెబ్బ పెరుగుతుంది. 1850ల చివర వచ్చిన కూపర్ వేడిగాలి స్తంభాలు, సీమెన్స్ రీజెనరేటివ్ కొలుములు పూర్తిగా ఫైర్ బ్రిక్ మీదే ఆధారపడినవి. ఇటుక గళ్లను మంటతో కాల్చి, ఆ వేడిని ఇటుకలోనే నిలవ చేసి, తిరిగి గాలికి అందించడం వాటి పని. గ్లెన్‌బోయిగ్ ఇటుకకు పరీక్ష పెట్టిన తొలి పరిశ్రమలు దాని గుమ్మం ముందే ఉన్నాయన్నమాట. అక్కడ నెగ్గిన ఇటుకకు దూరదేశాలలో వేరే సిఫారసు అక్కరలేకపోయింది.

గ్లెన్‌బోయిగ్‌లోని ప్రధాన సంస్థలు 1882లో ఏకమై గ్లెన్‌బోయిగ్ యూనియన్ ఫైర్‌క్లే కంపెనీ ఏర్పడింది. ఆ సంస్థకు ప్రాణం పోసిన జేమ్స్ డనాకీ, ఇటుకలను గ్యాస్‌తో నిరంతరాయంగా కాల్చే కొత్త రకం బట్టీకి కూడా రూపకల్పన చేశాడు. బానీబ్రిడ్జ్‌లో జాన్ జి. స్టైన్ 1887లో ప్రారంభించిన సంస్థ కాజిల్‌కేరీకి, తరువాత లిన్‌లిత్‌గో దగ్గరి మాన్యుయెల్‌కు విస్తరించి, ఆ రంగంలో అతి పెద్ద సంస్థలలో ఒకటిగా ఎదిగింది. ఆ సంస్థ తన ఇటుకలకు 'తిసిల్', 'నెటిల్' అంటూ స్కాట్లండ్ మొక్కల పేర్లు పెట్టుకుంది. వీటికి ముందు నుంచే గ్లాస్గో శివార్లలో గార్న్‌కర్క్, గార్ట్‌క్రెయిగ్ వంటి పేర్లు ఉన్నాయి. ఎయిర్‌షైర్‌లో హర్ల్‌ఫర్డ్ ఉంది. ఒక్కొక్క పేరూ ఒక బట్టీకి, ఒక గని పొరకు గుర్తు.

ఈ ఇటుక తయారీలో మనం ఊహించుకునే మెత్తటి మట్టి పిసుకుడు మొదట్లో ఉండదు. గనిలోని ఫైర్‌క్లే రాయిలా గట్టిగా ఉంటుంది. దానిని బొగ్గు తవ్వినట్టే సొరంగాలలో తవ్వి, పైకి తెచ్చి, ఎండకూ వానకూ మంచుకూ వదిలేసి, పొరలు విడిపోయాక భారీ ఇనుప చక్రాలు తిరిగే మరలో పొడి చేసేవారు. పచ్చి మట్టి మాత్రమే అయితే ఆరేటప్పుడూ కాలేటప్పుడూ బాగా కుంచించుకుపోయి చీలిపోతుంది. అందుకని ఒకసారి కాల్చిన ఫైర్‌క్లేను నూరిన పొడిని, తరచుగా విరిగిన పాత ఇటుకల పొడినే, అందులో కలిపేవారు. నీరు పోసి పదును చేసిన ముద్దను అచ్చులో కొట్టేవారు. అచ్చు అడుగున పేరు చెక్కిన పలక ఉండేది. పేరు ఇటుక మీద సరిగా రావాలంటే పలక మీద అక్షరాలు తిరగేసి చెక్కాలి. చెక్కినవాడు ఒక్కోసారి పొరపడటం వల్ల తలకిందులైన అక్షరాలున్న ఇటుకలు కూడా దొరుకుతాయి. కింద నుంచి వేడిగాలి పోయే అరుగుల మీద పచ్చి ఇటుకలను ఆరబెట్టి, బట్టీలో పేర్చి, రోజుల తరబడి కాల్చి, రోజుల తరబడి చల్లార్చేవారు. మోతపనిలో ఆడవాళ్లు, ఆడపిల్లలు కూడా ఉండేవారు. పచ్చి ఇటుక బరువు, అరుగు వేడి, ఊపిరితిత్తులలో చేరే రాతి దుమ్ము, ఇవన్నీ మోసినవారి పేరు మాత్రం ఏ ఇటుక మీదా పడలేదు. యజమాని పేరు ప్రపంచమంతా తిరిగింది. ఈ చరిత్రను చెప్పేటప్పుడు ఈ తేడాను విడిచిపెట్టి ముందుకు పోవడం న్యాయం కాదని నా అభిప్రాయం.

ఈ మట్టి విలువ ఎంతటిదో కోర్టు తీర్పులు కూడా సాక్ష్యం చెబుతాయి. గ్లెన్‌బోయిగ్ కంపెనీ కౌలుకు తీసుకున్న పొరలలో కొంత భాగం కలెడోనియన్ రైల్వే పట్టాల కింద ఉంది. పట్టాల కింద తవ్వితే దారి కుంగుతుందని రైల్వే అడ్డుకుంది. అక్కడ మొదటి చిక్కు వచ్చింది. ఫైర్‌క్లే నేలలో భాగమైన మామూలు మట్టి అయితే భూమితో పాటే అది రైల్వేకు చేరినట్టు. ఖనిజం అయితే అది రైల్వేకు చెందదు, తవ్వవద్దని ఆపినందుకు పరిహారం ఇవ్వాలి. వివాదం అప్పట్లో బ్రిటన్‌లో అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. ఈ ఫైర్‌క్లే ఖనిజమేనని 1911లో తీర్పు వచ్చింది. కంపెనీకి పరిహారం అందింది. ఆ పరిహారం మీద పన్ను కట్టాలా వద్దా అన్నది రెండో చిక్కు. తవ్వి అమ్మి ఉంటే వచ్చే లాభానికి బదులుగా అందిన సొమ్ము కనుక అది లాభమేనని పన్ను శాఖ వాదించింది. తవ్వుకునే ఆస్తినే శాశ్వతంగా పోగొట్టుకున్నందుకు వచ్చిన సొమ్ము కనుక అది మూలధనం కిందికే వస్తుందని 1922లో లార్డ్స్ తేల్చారు. మూలధన రాబడికీ, ఆదాయ రాబడికీ తేడా ఏమిటన్న ప్రశ్న వచ్చినప్పుడు భారతదేశ న్యాయస్థానాలు ఈ తీర్పును పదే పదే ఉదహరించాయి. గ్లెన్‌బోయిగ్ ఇటుకను ఎన్నడూ చూడని మన ఆదాయపు పన్ను న్యాయవాదులకు, చార్టర్డ్ అకౌంటెంట్లకు ఆ పల్లె పేరు సుపరిచితం కావడానికి కారణం ఇదే. ఇటుక చేరని చోటికి కూడా దాని పేరు చేరింది.

ఇక అవతలి ఒడ్డు సంగతి. 19వ శతాబ్దంలో ఆవిరి ఎక్కడికి వెళ్తే ఫైర్ బ్రిక్ అక్కడికి వెళ్లవలసిందే. రైలు ఇంజను పొయ్యిలో ఇటుకలతో కట్టిన వంపు ఉండేది. బొగ్గు పొగను తిప్పి పూర్తిగా మండించే ఆ వంపు వల్లనే ఇంజన్లు ఖరీదైన కోక్ మానేసి పచ్చి బొగ్గు మీద నడవగలిగాయి. ఓడ బాయిలర్‌లో బొగ్గు మండే ఇనుప కడ్డీల గ్రేటు చివర ఇటుక అడ్డుగోడ ఉండేది. బొగ్గు నుంచి దీపాల గ్యాస్ తీసే కర్మాగారంలో బొగ్గును మూసి కాల్చే గొట్టాలు ఫైర్‌క్లేతో చేసినవే, వాటి చుట్టూ ఉండే కట్టుబడి ఫైర్ బ్రిక్‌దే. చక్కెర మిల్లులో చెరకు పిప్పి మండే పొయ్యి, రాగి కరిగించే కొలిమి, సిమెంటు బట్టీ, వీటిలో దేనికీ ఇది లేకుండా గడవదు. పైగా ఇది ఒకసారి కొని వదిలేసే వస్తువు కాదు. మంట, బూడిద, కరిగిన లోహపు మడ్డి కలిసి ఇటుకను తింటూ పోతాయి. కొన్ని నెలలకో, కొన్నేళ్లకో లోపలి గోడ విప్పి కొత్తగా పేర్చాలి. కొలిమి ఆగితే మిల్లంతా ఆగుతుంది. అందుచేత నమ్మకమైన ఇటుకకు నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టడానికి ఇంజనీర్లు వెనుకాడేవారు కారు. ఆ ఇంజనీర్లలో చాలామంది స్కాట్లండ్ వాళ్లే కావడం, వాళ్లు బిగించిన యంత్రాలు గ్లాస్గోవే కావడం మరో కారణం. ప్రపంచంలోని చక్కెర మిల్లులకు యంత్రాలు చేసి పంపడంలో గ్లాస్గోది పెద్ద పేరు. 1903లో మూడు కంపెనీలు కలిసి ఏర్పడిన నార్త్ బ్రిటిష్ లోకోమోటివ్ కంపెనీ కూడా అక్కడిదే, భారత రైల్వేలకు వందల ఇంజన్లు అక్కడి నుంచే వచ్చాయి. 1913లో ప్రపంచంలో నీటిలోకి దిగిన కొత్త ఓడల బరువులో దాదాపు ఐదో వంతు క్లైడ్ నది ఒడ్డున తయారైనదే. యంత్రం ఏ ఊరిదో, ఆ యంత్రం పొయ్యిలో పేర్చే ఇటుక కూడా ఆ ఊరి చుట్టుపక్కలది కావడం సహజం.

తెలుగువారి చరిత్రతో ఈ విషయానికి ఉన్న నిజమైన ముడి ఇక్కడే ఉంది. స్కాట్లండ్‌లోని క్యాంబెల్‌టౌన్‌లో పుట్టిన విలియం మెకినన్ 1856లో కలకత్తా, బర్మాల మధ్య నడిపేందుకు ఒక స్టీమర్ కంపెనీ పెట్టాడు. 1862లో అదే బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీగా పేరు మార్చుకుంది. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుంచి రంగం (బర్మా) వెళ్లిన లక్షలాది కూలీలు ఎక్కినవి ఎక్కువగా ఆ కంపెనీ స్టీమర్లే, ఆ స్టీమర్లలో చాలా భాగం క్లైడ్ ఒడ్డున కట్టినవే. వాటిలో ఉండే గుండ్రటి బాయిలర్‌కు ప్రపంచమంతా 'స్కాచ్ బాయిలర్' అనే పేరు స్థిరపడింది. డెక్కు మీద మూటలతో కిక్కిరిసి కూర్చున్న మనవాళ్ల కాళ్ల కింద, ఆ బాయిలర్ పొయ్యిలలో, ఫైర్ బ్రిక్ అడ్డుగోడలు ఎర్రగా కాలుతూ ఉండేవి. రంగూన్ రేవులో దిగాక ఆ కూలీలు పని వెతుక్కున్న వరి మిల్లులు కూడా ఊక మంట మీద ఆవిరి పుట్టించి నడిచినవే.

ఇప్పుడు ఓడ దగ్గరికి తిరిగి వస్తే, బ్యాలస్ట్ అన్న మాటకు సరైన స్థానం దొరుకుతుంది. బ్రిటన్‌కు గోధుమలు, నైట్రేట్, ఉన్ని, చక్కెర, బియ్యం వంటి బరువైన సరుకులు వచ్చేవి. బ్రిటన్ నుంచి వెళ్లే బట్టలు, యంత్రభాగాలు విలువలో ఎక్కువైనా బరువులో అంత ఉండేవి కావు. దానితో వెళ్లేటప్పుడు ఓడల అడుగుభాగం వెలితిగా ఉండేది. ఊరికే రాళ్లు నింపుకుంటే వాటిని ఎక్కించడానికీ దించడానికీ ఎదురు ఖర్చు. ఎంతో కొంత కిరాయి ఇచ్చే బరువు సరుకు దొరికితే ఓడ యజమానికి అది లాభమే. బొగ్గు, ఇనుప కడ్డీలు, సిమెంటు, ఇటుక ఆ కోవకు చెందినవి. లెక్క వేసి చూడండి. 9 అంగుళాల పొడవు, నాలుగున్నర అంగుళాల వెడల్పు, రెండున్నర అంగుళాల మందం గల ఫైర్ బ్రిక్ సుమారు మూడున్నర కిలోల బరువు తూగుతుంది. టన్నుకు మూడు వందలకు కాస్త అటూ ఇటూగా పడతాయి. వంద టన్నుల చోటు ఇస్తే 30 వేల ఇటుకలు పోతాయి, ఒక చిన్న గ్యాస్ కర్మాగారం కట్టుబడికి అది మంచి సరఫరా. గనుల నుంచి రేవుల వరకు ఫోర్త్ అండ్ క్లైడ్ కాలువ, తరువాత రైలు దారులు ఉన్నాయి. కాలువకు పడమటి వైపున గ్లాస్గో, తూర్పు కొసన గ్రేంజ్‌మౌత్ రేవులు ఉండటం వల్ల అట్లాంటిక్ వైపుకూ, ఉత్తర సముద్రం వైపుకూ సరుకు సులువుగా తిరిగేది.

ఇలా తక్కువ కిరాయికి వెళ్లిన సరుకును, పనికిరాని బరువుగా పారబోసిన బ్యాలస్ట్‌ను ఒకటిగా చూడడం వల్లే గందరగోళం పుట్టింది. ఫైర్ బ్రిక్‌ను బిల్లు రాసి, చిరునామా రాసి పంపేవారు. కొలిమి గోడలో రెండు ఇటుకల మధ్య సందు కాగితమంత సన్నగా ఉండాలి కనుక అంచులు విరగని ఇటుకే పనికి వస్తుంది, అందువల్ల ఎత్తి దించడంలో జాగ్రత్త అవసరమయ్యేది. అమెరికా 1890 నాటి దిగుమతి సుంకాల పట్టికలో ఫైర్ బ్రిక్‌కు విడిగా పద్దు ఉంది. ఎవరూ కొనని వస్తువు మీద ఏ ప్రభుత్వమూ సుంకం రాసుకోదు.

కాలిఫోర్నియా ఉదాహరణ ఈ రెండింటినీ కలిపి చూపిస్తుంది. బంగారం వెల్లువ తరువాత అక్కడ గోధుమ సాగు పెరిగి, 1860ల నుంచి కొన్ని దశాబ్దాల పాటు ఏటా వందల తెరచాప ఓడలు గోధుమ కోసం బ్రిటన్ నుంచి దక్షిణ అమెరికా కొసను చుట్టి శాన్ ఫ్రాన్సిస్కోకు వచ్చేవి. అదే కాలంలో అక్కడ ఫౌండ్రీలు, గ్యాస్ కర్మాగారాలు, లోహం కరిగించే కొలుములు లేస్తున్నాయి. అమెరికా తూర్పు రాష్ట్రాలలో, ఉదాహరణకు మేరీలాండ్‌లోని మౌంట్ సావేజ్‌లో, మంచి ఫైర్ బ్రిక్ తయారయ్యేది. కానీ ఖండం దాటించి తెచ్చే రవాణా కంటే, వెలితిగా వచ్చే బ్రిటిష్ ఓడలో సముద్రం మీద తేవడమే చవక. అక్కడ దొరికే బ్రిటిష్ ఇటుకలన్నీ స్కాట్లండ్‌వి కావని కూడా గుర్తుంచుకోవాలి. కోవెన్, రామ్సే, కార్ అన్న పేర్లు ఇంగ్లండ్ ఈశాన్యంలోని న్యూకాసిల్ ప్రాంతానివి. మధ్య ఇంగ్లండ్‌లో స్టౌర్‌బ్రిడ్జ్ ఫైర్‌క్లే గ్లెన్‌బోయిగ్ కన్నా ముందే పేరు పొందింది. బ్రిటిష్ ముద్ర కనబడగానే స్కాట్లండ్ ఖాతాలో రాయడం అభిమానమే అవుతుంది గానీ చరిత్ర కాదు.

సౌత్ జార్జియాలో కారణం ఇంకా సూటిగా ఉంటుంది. ఎడింబరో రేవు అయిన లీత్‌కు చెందిన క్రిస్టియన్ సాల్వెసన్ సంస్థ 1909లో ఆ దీవిలో స్థావరం పెట్టి దానికి లీత్ హార్బర్ అని తమ ఊరి పేరే పెట్టుకుంది. తిమింగలం కొవ్వును, ఎముకలను పెద్ద పెద్ద మూత పాత్రలలో ఆవిరితో ఉడికించి నూనె తీసేవారు. ఆ ఆవిరికి బాయిలర్లు, బాయిలర్లకు ఇటుకలు కావాలి. మట్టి తవ్వుకుని కాల్చుకుందామన్నా కాల్చడానికి ఒక్క పుల్ల దొరకని దీవి అది. బొగ్గు, ఇనుము, బియ్యపు గింజతో సహా ప్రతిదీ ఓడ మీద రావలసిందే. ఇటుక కూడా అలాగే వచ్చింది.

దొరికిన ఇటుకను చదవడానికి వస్తే, ముద్ర ఉండటం వల్ల పని తేలిక అనిపిస్తుంది. మన పాత పెంకుటిళ్ల మీది బెంగుళూరు పెంకును తిరగేస్తే కంపెనీ పేరూ ఊరి పేరూ కనబడినట్టే, ఇక్కడా పుట్టిన చోటు ఇటుకే చెబుతుంది. అయితే పుట్టిన చోటు చెప్పినంత తేలికగా పుట్టిన కాలం చెప్పదు. ఒకే పేరు ముద్ర అయిదారు దశాబ్దాలు మారకుండా సాగిన సందర్భాలున్నాయి. యజమాని మారినా, పేరు మారితే గిరాకీ పోతుందని పాత ముద్రనే కొనసాగించేవారు. అక్షరాల ఆకారం, ఇటుక చేత్తో అచ్చుపోసినదా మరతో నొక్కినదా, పక్కన ఆకార సంఖ్య ఉందా లేదా అన్న చిన్న గుర్తులను పట్టుకుని కాలాన్ని దగ్గరగా అంచనా వేయవలసి ఉంటుంది.

అంతకంటే పెద్ద చిక్కు, ఇటుక దొరికిన చోటు అది పని చేసిన చోటు కాకపోవచ్చు. కొలిమి మూతపడ్డాక విప్పిన ఇటుకలు తోట దారులకు, పశువుల కొట్టాలకు, సముద్రపు గట్టు నింపడానికి తరలిపోయాయి. కాలిఫోర్నియాలోనో ఆస్ట్రేలియాలోనో పెరటి బాటలో దొరికిన ఇటుకకు, ఆ ఇంటికి ఏ సంబంధమూ ఉండకపోవచ్చు. ఇటుక ముఖాన్ని జాగ్రత్తగా చూస్తే మాత్రం కొంత తెలుస్తుంది. ఒక కొస మీద నల్లగానో ఆకుపచ్చగానో గాజులాంటి పూత గడ్డకట్టి ఉంటే, అది మంట వైపు నిలిచిన కొస. ఆ పూత బూడిద, మడ్డి కరిగి ఇటుకతో కలిసిపోవడం వల్ల ఏర్పడినది. అంటే ఆ ఇటుక కొలిమిలో పనిచేసి వచ్చినదే. అన్ని వైపులా శుభ్రంగా, పసుపు రంగులో, అంచులు వాడిగా ఉంటే అది వాడకుండా మిగిలిపోయిన నిల్వ సరుకో, ఓడ మునిగి తీరానికి చేరిన సరుకో కావచ్చు. బ్యాలస్ట్‌గా వచ్చిందా, కొలిమి కోసం వచ్చిందా అన్న ప్రశ్నకు వినికిడి కథల కంటే ఈ పూత నమ్మదగిన సాక్షి. ఒక వైపు సన్నగా ఒక వైపు మందంగా చేసిన ఇటుకలు మరింత గట్టి సాక్ష్యం. వంపులు, గుండ్రటి గోడలు కట్టడానికి కొలతలు ఇచ్చి ప్రత్యేకంగా చేయించుకునే ఆకారాలవి. బరువు కోసం అలాంటి ఇటుకను ఎవరూ ఎక్కించరు.

ఈ వ్యాపారం ఒక్కసారిగా ఆగిపోలేదు. ప్రతి దేశమూ తన బొగ్గు పొరల కింద తన ఫైర్‌క్లేను వెతికి పట్టుకుంది. మన దేశంలో రాణిగంజ్ బొగ్గు క్షేత్రంలో బర్న్ అండ్ కంపెనీ ఫైర్ బ్రిక్ తయారీ మొదలుపెట్టింది. ఆ కంపెనీ పునాదులు వేసినవారిలోనూ స్కాట్లండ్ వాళ్లున్నారు. ఉక్కు తయారీలో మాగ్నసైట్ వంటి వేరే రకం ఇటుకల అవసరం పెరిగింది. ఆవిరి ఇంజన్లు డీజిల్‌కు, విద్యుత్తుకు దారి ఇచ్చాయి. బొగ్గు గ్యాస్ స్థానాన్ని సహజవాయువు తీసుకుంది. ఒక్కొక్క వాడకందారూ తప్పుకున్న కొద్దీ గ్లెన్‌బోయిగ్ చుట్టుపక్కల బట్టీలు చల్లారాయి. ఒకప్పుడు కాలువ మీద ఇటుకల పడవలు తిరిగిన ఊళ్లలో నేడు గ్లాస్గోకు ఉద్యోగాలకు వెళ్లివచ్చేవారి ఇళ్లున్నాయి.

ఆ ఊళ్ల కథ ఇప్పుడు ఎక్కువగా బయటి దేశాలలోనే చెదిరి ఉంది కనుక, ఎక్కడ ఇటుక దొరికినా దాన్ని నమోదు చేసే తీరు ముఖ్యం. పేరున్న ముఖాన్ని ఒక్కటే ఫొటో తీసి సంబరపడితే చాలదు. మూడు కొలతలు, రంగు, గాజు పూత ఏ వైపున ఉందన్నది, ఏ గోడలో ఎన్నో వరసలో ఉందన్నది, చుట్టూ ఉన్న మిగతా ఇటుకల ముద్రలు ఏమిటన్నది రాసి పెట్టాలి. అన్నింటికన్నా ముందు, కట్టుబడిలో ఇంకా నిలిచి ఉన్న ఇటుకను పీకకూడదు. ముద్ర కోసం ఊడదీసిన ఇటుక ఊరి పేరు మాత్రమే చెబుతుంది. కొలిమి గోడలో తన వరసలో ఉన్న ఇటుక ఆ పేరును ఎవరు, ఏ పనికి తెప్పించుకున్నారో కూడా చెబుతుంది. తెలుగు నేల మీద పాత జనపనార మిల్లుల, చక్కెర మిల్లుల, రైల్వే వర్క్‌షాపుల బాయిలర్ గదులను పడగొట్టే ముందు, ఇనుము తూకానికి పోయాక మిగిలే ఇటుకల కుప్పను ఒక్కసారి తిరగేసి చూడటానికి ఇంజనీర్లకు, స్థానిక చరిత్రకారులకు ఒక పూట సరిపోతుంది. రాణిగంజ్ ముద్రో, స్టౌర్‌బ్రిడ్జ్ ముద్రో, గ్లెన్‌బోయిగ్ ముద్రో, ఏది కనబడినా ఆ మిల్లు ఎక్కడి సరుకు మీద ఆధారపడి నడిచిందో చెప్పే రాతప్రతి అది.